ఆ అబ్బాయి పేరేది?

ఫస్ట్ ఇయర్‌లో ఒక సెమినార్‌లో అందరినీ ఒకటే అడిగారు, "మీ ఇన్‌స్పిరేషన్ ఎవరు?" అని. మా వరుసలో ఆరుగురం ఉంటే నలుగురం సత్య నాదెళ్ల అన్నాం. హైదరాబాద్‌లో చదువుకున్న మనిషి 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు, సీఎస్ వాళ్లకి ఇంకేం కావాలి? ఆ రాత్రి ఫోన్‌లో అమ్మకి చెప్తే, "మంచిదే నాన్నా. మరి ఆయన్ని తలుచుకుని ఒక్కరోజైనా పొద్దున్నే లేచావా?" అంది. నేను టాపిక్ మార్చేశా.

మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆవిడ మాటలన్నీ మిషన్ దగ్గర నుంచే వస్తాయి. "హీరోయిన్ ఫోటో చూపించి అచ్చం ఇలాగే కుట్టమంటారు. కుడతాను. కానీ ఆది జాకెట్టు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి కదా" అంటుంది. ఇన్‌స్పిరేషన్ గురించి నేను చాలా వీడియోలు చూశా గానీ, ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. మోడల్ ఎవరిదైనా తీసుకోవచ్చు, కొలతలు మనవే ఇవ్వాలి.

ఇక అసలు విషయం. పోయిన సెమిస్టర్ హ్యాకథాన్‌లో నేనూ, నా రూమ్మేటూ కలిసి కాలేజ్ బస్సు ఎక్కడుందో చూపించే యాప్ చేశాం. బ్యాకెండ్ మొత్తం వాడిదే. రెండు రాత్రులు నిద్రపోలేదు. ప్రెజెంటేషన్ నాది. సెకండ్ ప్రైజ్ వచ్చింది. లింక్డ్‌ఇన్‌లో పోస్ట్ పెట్టా, ఇంగ్లీష్‌లో, "ఐ బిల్ట్" అని మొదలుపెట్టి. లైకులు బాగానే వచ్చాయి. వాడు ఏమీ అనలేదు. మెస్‌కి నాకోసం ఆగడం మాత్రం మానేశాడు.

పోస్ట్ లింక్ అమ్మకి కూడా పంపా. ఆవిడకి ఇంగ్లీష్ అంతగా రాదు, కానీ పేర్లు చదువుతుంది. "ఫోన్‌లో నాతో మేం చేశాం అన్నావు. ఇందులో ఆ అబ్బాయి పేరేది?" అని అడిగింది. స్పేస్ సరిపోలేదని అబద్ధం చెప్పా.

అమ్మ తిట్టలేదు. మా ఇంట్లో 'బుడుగు' పుస్తకం ఉంది, చిన్నప్పుడు నాకు తెలుగు చదవడం రాక అమ్మే చదివి వినిపించేది. దాని గురించి ఎత్తింది. రాసింది ముళ్లపూడి వెంకటరమణ, బొమ్మలు బాపువి. చిన్ననాటి స్నేహితులు. 1967లో 'సాక్షి' నుంచి సినిమాలూ కలిసే చేశారు. ఒకరు రాస్తే ఒకరు తీశారు. రమణ 2011లో పోయారు. బాపుకి పద్మశ్రీ 2013లో వచ్చింది, అప్పటికి పక్కన స్నేహితుడు లేరు. అయినా ఈరోజుకీ మనం బాపు-రమణ అనే అంటాం, ఒకే మనిషి పేరులాగ. "పేరు రావడం అంటే నాకు అదే తెలుసు" అంది అమ్మ.

అమ్మ ఊరికే అనలేదు. ఆవిడ మొదటి మిషన్ కొన్నది ఎదురింటి పిన్ని డబ్బుతో. తనకి అవసరం లేకపోయినా చిట్టీ పాడి, ఆ డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఇది జరిగి పదిహేనేళ్లయింది. ఇప్పటికీ కొత్తగా వచ్చిన ప్రతి కస్టమర్‌కీ అమ్మ ఈ కథ చెప్తుంది. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు అర్థమవుతోంది, అది అమ్మ పెట్టే పోస్ట్.

ఫేమ్ తప్పని నేననను. ప్లేస్‌మెంట్స్ దగ్గరపడుతున్నాయి, మన పని నలుగురికీ కనపడాలి. మా అమ్మ కూడా గుమ్మం పక్కన బోర్డు పెట్టుకుంది. కానీ పక్కవాడి పేరు రాస్తే మన పేరు చిన్నదైపోతుందనే భయం ఉంది చూశారా, అది తప్పు. గిట్‌హబ్‌లో కమిట్ కింద కో-ఆథర్ అని ఒక్క లైన్ చేరిస్తే ఇద్దరూ కనిపిస్తారు. మెషిన్లకే ఆ ఏర్పాటు ఉంది. మనం ఆ ఒక్క లైన్ రాయడానికి ఎందుకు వెనకాడాలి?

పోస్ట్ ఎడిట్ చేశా. వాడి పేరు పెట్టా, ఎవరు ఏం చేశామో రాశా. అప్పటికి చూసేవాళ్లు చూసేశారు, కొత్తగా ఒక్క లైక్ రాలేదు. వాడి ముందు కూర్చుని సారీ కూడా చెప్పా. "సరేలేరా" అన్నాడు. మునుపటిలా అయ్యామని చెప్పలేను. మెస్‌కి మాత్రం కలిసే వెళ్తున్నాం.

మీరు కూడా మీ పాత పోస్టులు ఒకసారి తెరిచి చూడండి. "ఐ" అని ఉన్నచోట నిజంగా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మీ అమ్మ అడిగేలోపే ఆ పేర్లు రాసేయండి.