జేబు వెతికే ముందు

జూన్ 26 మత్తుపదార్థాల వ్యతిరేక దినం. వేసవి సెలవుల బద్ధకం వదలకముందే వస్తుంది కనుక ఏటా హడావుడిగా చార్టులు రాయిస్తాం. ఒక పుర్రె బొమ్మ, దాని నోట్లో సిగరెట్టు, కింద ఎర్రరంగులో ‘మత్తు వద్దు’. ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊళ్ళో మేమూ ఇవే రాయించాం. వాటిలో అబద్ధమేమీ లేదు. కాని ఆ సిగరెట్టు పిల్లవాడి చేతిలోకి ఎందుకొచ్చిందని ఏ చార్టూ అడగదు.

ఖరగ్‌పూర్ రాకముందు పనిచేసిన ఒక ఊళ్ళో తొమ్మిదో తరగతి అబ్బాయి జేబులో రెండు సిగరెట్లు దొరికాయి. పట్టుకున్నది మేమే. వాళ్ళ నాన్నగారిని పిలిపించాం, సంజాయిషీ రాయించాం, ప్రార్థన సమయంలో అందరి ముందూ నిలబెట్టాం. పని అయిపోయిందనుకున్నాం. నెల తర్వాత వాళ్ళమ్మగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి వచ్చి, వెళ్ళబోతూ ఆగారు. “మాస్టారూ, ఈ ఊరొచ్చిన కాణ్ణించి వాడికి రాత్రుళ్ళు నిద్దర లేదండి. పొద్దున యూనిఫాం వేసుకోగానే వాంతి చేసుకుంటాడు” అన్నారు.

సంవత్సరం మధ్యలో టీసీ పట్టుకుని వచ్చిన పిల్లవాడు. హాజరు పిలిచేటప్పుడు గొంతు పెగలదేమోనని భయం. మధ్యాహ్నం డబ్బా ఎవరి పక్కన కూర్చుని తినాలో తెలియదు. వాడితో మొదట మాట్లాడింది బడి వెనక కొట్టు దగ్గర నిలబడే ముగ్గురు పెద్ద పిల్లలు. వాళ్ళు సిగరెట్టు కాలుస్తారు. జేబులో ఏముందని అడిగిన మేము, నిద్ర పడుతోందా అని అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ మమ్మల్ని గుచ్చుతూనే ఉంటుంది.

కొత్త ఊరంటే కంగారు అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు. ముప్పై దాటిన మేమే ప్రతి కొత్త స్టాఫ్‌రూములో మొదటి నెల టీ మీద టీ తాగుతూ గడిపినవాళ్ళం. అయితే ఆ కంగారు నెలల తరబడి వదలక, గుండె దడ, కడుపులో తిప్పడం, నిద్రలేమి పట్టుకుని చదువునీ ఆటనీ ఆపేస్తుంటే, దాన్ని వైద్యులు ఆందోళన రుగ్మత అంటారు. దానికి వైద్యం ఉంది. ఆ సంగతి తెలియనివాడు చేతికి అందినదానితో తానే వైద్యం చేసుకుంటాడు. ఈ సొంతవైద్యం గురించి ఎడ్వర్డ్ ఖాన్జియన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1985లోనే రాశాడు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రైల్వే పనులకు వచ్చినవారు. ఆ తీరంలో కొందరు ఆడవాళ్ళు చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. అంగిలికి క్యాన్సరు తెస్తుందని వైద్యులు ఏనాడో తేల్చారు. ఎందుకమ్మా అని అడిగితే ఏమంటారో, గోల్‌బజారులో అరచేతిలో ఖైనీ నలిపే మామయ్యా అదే అంటాడు: “బుర్ర తేలికౌతాది.”

తేలికవడం నిజమే. ఆ బరువు ఎక్కడిదన్నదే అసలు సంగతి. పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకి చేరుతుంది, కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. తగ్గేసరికి చిరాకు, కుదురులేకపోవడం, చదివింది ఎక్కకపోవడం. అలవాటైన శరీరం మళ్ళీ అడుగుతోందన్నమాట. కాని ఆ పిల్లవాడికి అది పాత భయంలాగే ఉంటుంది. ఇంకోటి వెలిగిస్తాడు, తగ్గుతుంది, ఇది మందే అనుకుంటాడు. మద్యమూ అంతే: రాత్రి నిద్రపుచ్చినట్టే ఉండి, దిగేటప్పుడు దడని రెట్టింపు చేస్తుంది. పొగ మానేసినవారిలో ఆందోళన పెరగలేదు సరికదా తగ్గిందని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశీలన చెప్పింది. అందుకే రెండింటికీ కలిపి వైద్యం చేయాలి. సిగరెట్టు లాక్కుని భయాన్ని వదిలేస్తే, అది ఇంకో ఆసరా వెతుక్కుంటుంది.

లోకో పైలట్లకు డ్యూటీ ఎక్కేముందు శ్వాసపరీక్ష ఉంటుందని మీలో చాలామందికి ఇంట్లోనే తెలుసు. ఆ యంత్రం మద్యాన్ని పట్టుకుంటుంది, ఎందుకు తాగాడన్నది దానికి పట్టదు. పట్టనవసరమూ లేదు, వెనక వందలమంది ప్రయాణికులుంటారు. బడిలో మేము కూడా ఆ యంత్రంలాగే పనిచేస్తున్నామేమోనని మా అనుమానం.

సిగరెట్టు దొరికితే చూసీచూడనట్టు ఊరుకోమని మేము అనడం లేదు. 2003 నాటి చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్ళు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదు. చార్టులు రాయించే రోజున ఓ టేపు పట్టుకుని గేటు నుంచి పాన్ కొట్టు దాకా కొలిచినా ఎక్కువ ప్రయోజనం. కాని పిల్లవాణ్ణి పదిమందిలో నిలబెట్టడం మాత్రం, భయపడేవాడికి ఇంకొంచెం భయం వడ్డించడమే. ముందు పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. నిద్ర ఎలా ఉంది, డబ్బా ఎవరితో తింటున్నావు, ఈ బడిలో నీకెవరు తెలుసు అని.

మాతో చెప్పడానికి మొహమాటమైతే, ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఏ వేళైనా ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మీకోసమే కాదు, రాత్రి డ్యూటీలు చేసి నిద్రపట్టని నాన్నగారి కోసమైనా చేయొచ్చు.

వచ్చే జూన్ చార్టులో పుర్రె బొమ్మ తీసేసి ఈ నంబరు పెద్దక్షరాలతో రాయిద్దామనుకుంటున్నాం. డ్రాయింగు మాస్టారు ఒప్పుకోవాలి. పుర్రె ఆయన చాలా బాగా వేస్తారు.