నలభై ఐదేళ్ళకు తెలిసిన పేరు

మా బాబాయికి నలభై ఐదేళ్ళు. నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య మెట్టలో నాలుగెకరాల మిర్చి, ఎకరం డెబ్బై సెంట్ల పత్తి సాగు చేస్తాడు. ఆయనకు ఆటిజం ఉందని పోయిన సంవత్సరం తేలింది. "ఈ వయసులో తెలుసుకొని ఏం చేస్తాడురా?" అని మా ఊళ్ళో అడిగారు. ఇక్కడ హాస్టల్లోనూ అదే అడిగారు. చదువుకొన్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ ఒకే ప్రశ్న వేస్తున్నప్పుడు జవాబు చెప్పుకోవలసిందే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఊళ్ళో బాబాయికున్న పేరు "మొండోడు". పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చోడు. మైకు పెడితే చేనికి వెళ్ళిపోతాడు. ఎదుటివాళ్ళ మొహంలోకి చూసి మాట్లాడడు. ఎవరైనా వేళాకోళానికి "నీ చేను నాకు రాసిస్తావా?" అంటే, "ఇవ్వను" అని నిజంగానే జవాబు చెబుతాడు. ఆ మనిషే ఏ యేడు ఏ చేలో ఏ మందు ఎన్నిసార్లు కొట్టిందీ ఇరవై యేళ్ళ లెక్క నోటితో చెబుతాడు. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూతను తినేసినప్పుడు, మా ఊళ్ళో పువ్వు విప్పి పురుగును ముందుగా పట్టుకొన్నది ఆయనే. ఊరు ఆయన దగ్గర సలహా తీసుకొనేది, ఆయన అటు తిరగ్గానే నవ్వేది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

రెండేళ్ళ క్రితం మా అక్క కొడుకును విజయవాడలో డాక్టరుకు చూపించారు. వాడికి అయిదేళ్ళు, మాటలు సరిగా రావు. తోడుగా బాబాయి వెళ్ళాడు. చప్పుళ్ళకు చెవులు మూసుకొంటాడా, వస్తువులు వరసలో పేరుస్తాడా, అలవాటు మారితే గోల చేస్తాడా అని డాక్టరు అక్కను అడుగుతుంటే పక్కనే కూర్చొని విన్నాడు. ఇంటికొచ్చి నాతో, "అబ్బాయ్, అవన్నీ నన్ను అడిగినట్టే ఉన్నాయిరా" అన్నాడు. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

తరువాత మేమిద్దరం తిరిగాం. ఒకచోట "మేము పిల్లలకే చూస్తాం" అన్నారు. ఇంకొకచోట "పెళ్ళయింది, వ్యవసాయం చేసుకొంటున్నావు, ఇంకేం కావాలయ్యా?" అని నిద్రమాత్రలు రాసి పంపారు. మూడోచోట, హైదరాబాదులో, ఒక డాక్టరుగారు గంటన్నర కూర్చోబెట్టి మాట్లాడి, చివరకు "మీ అమ్మగారు ఉన్నారా? ఆమెను తీసుకురండి" అన్నారు.

ఎందుకంటే ఆటిజాన్ని చెప్పే రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. దాని గుర్తులు చిన్ననాటి నుంచీ ఉన్నాయా అని చూడాలి. భయం, దిగులు లాంటి వేరే బాధలు కూడా పైకి అలాగే కనిపించవచ్చు కాబట్టి ఈ విచారణ తప్పదు. చిన్నప్పుడు చూసిన మనిషి ఉంటే సాక్ష్యం ఉంటుంది. మా నాయనమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇంకో పదేళ్ళు ఆగితే ఆ సాక్ష్యం దొరికేదా?

నాయనమ్మ డాక్టరు ముందు చెప్పింది: "పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు తీసుకెళ్తే డప్పుల చప్పుడుకు చెవులు మూసుకొని బండి కింద దూరాడయ్యా. మొండితనం అనుకొన్నా. లాగి కొట్టా. ఒకసారి కాదు, చాలాసార్లు కొట్టా." చెప్పి కొంగు నోటికడ్డం పెట్టుకొంది. బాబాయి నేల చూస్తూ, "నీకు తెలియదు గదమ్మా" అన్నాడు. నలభై ఐదేళ్ళకు తెలుసుకొని ఏం లాభమని అడిగేవాళ్ళకు నా మొదటి జవాబు ఇదే.

తనెలా పెంచబట్టి ఇలా అయ్యాడోనని నాయనమ్మకు ఇంకో బెంగ పట్టుకొంది. నిజానికి తల్లుల ప్రేమ చాలకనే ఆటిజం వస్తుందని ఒకప్పుడు అమెరికాలో పెద్ద పెద్దవాళ్ళే రాశారు. 1977లో బ్రిటన్‌లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 జతల కవలలను పరిశీలించి, ఇందులో వంశపారంపర్యానికి పెద్ద పాలు ఉందని చూపించారు. సైన్సు విద్యార్థిగా నేను ఇంట్లో చేసిన ఒక్క మంచి పని, ఈ సంగతి నాయనమ్మకు అర్థమయ్యేలా చెప్పడం.

బాబాయిని ఎవరూ గుర్తించకపోవడం ఒక్కరి తప్పు కాదు. ఆయన 1980లో పుట్టాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో ఆటిజాన్ని విడిగా చేర్చింది ఆ సంవత్సరమే. మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో వచ్చింది. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో చేరింది. అప్పటికి బాబాయికి ముప్పై ఆరేళ్ళు. కొలిచే సాధనం మాత్రం మన పక్కనే తయారయింది. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ తయారుచేసిన భారతీయ కొలమానంలో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం కింద లెక్క.

అయినా దారులన్నీ పిల్లల కోసమే. 2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకం పద్దెనిమిదేళ్ళతో ఆగిపోతుంది. అది మంచి పథకమే, నేను కాదనను. కానీ పిల్లలు పెద్దవాళ్ళవుతారు గదా! జిల్లా ఆసుపత్రిలో నెలకొక రోజయినా పెద్దవాళ్ళకు ఈ పరీక్ష పెట్టాలని నా అభిప్రాయం. నందిగామ రైతు హైదరాబాదు దాకా పోవలసిన అవసరం ఉండకూడదు.

మా పిన్ని భయం వేరు. ఎనిమిదో తరగతి చదివే కూతురుంది. "రేపు సంబంధాలకు అడ్డం రాదా?" అంది. ఆ భయం అబద్ధమని నేను చెప్పలేను. అందుకే సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టలేదు. డాక్టరు రాసిన కాగితం ఇనప్పెట్టెలో ఉంది. పరీక్ష చేయించుకోవడం వేరు, ఊరంతా చాటడం వేరు. ఎవరికి చెప్పాలన్నది బాబాయి ఇష్టం. ఈ వ్యాసం కూడా ఆయన చదివి ఒప్పుకొన్న తరువాతే ఇస్తున్నాను. ఊరి పేరు రాయొద్దన్నది పిన్ని షరతు. పత్తి రెండెకరాలని నేను రాస్తే ఎకరం డెబ్బై సెంట్లని దిద్దింది బాబాయి.

ఇంతకీ ఏం మారింది? బాబాయి మారలేదు. ఇప్పుడూ మొహంలోకి చూడడు. కాని పెళ్ళిళ్ళలో ఆయనకు ముందుగా విడిగా వడ్డిస్తున్నారు. తిని, అక్షింతలు వేసి వెళ్ళిపోతాడు, ఎవరూ నిష్ఠూరపడరు. గుంటూరు యార్డుకు రద్దీ లేని వేళ చూసుకొని వెళ్తాడు. "నాలో లోపమేదో ఉందని ఇన్నాళ్ళూ అనుకొన్నా. నా తీరే అదని ఇప్పుడు తెలిసింది" అంటాడు. మందులు లేవు, ఖర్చు లేదు. అయినా పిన్నితో గొడవలు సగానికి తగ్గాయి.

ప్రపంచంలో ఆటిజం అని మొట్టమొదట గుర్తించిన పిల్లలలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. 1943లో లియో కానర్ రాసిన పత్రంలో ఆయన గురించి ఉంది. అమెరికాలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం చేసుకొని, కారు నడుపుకొని, 2023లో ఎనభై తొమ్మిదేళ్ళకు పోయాడు. ఆ ఊరు ఆయన్ని ఆయన తీరునే ఉండనిచ్చింది. మన ఊళ్ళకూ అది చేతకాని పని కాదు.

మిత్రులారా! ఒంటరిగా కూర్చొన్న ప్రతివాడికీ మనమే ఈ పేరు తగిలించకూడదు. అది డాక్టరు చెప్పవలసిన మాట. మనం చేయవలసింది వెక్కిరింపు పేర్లు మానడం. అధ్యాపకులకు ఒక మనవి: వైవాలో మీ కళ్ళలోకి చూడని విద్యార్థికి పాఠం రాదని వెంటనే అనుకోకండి, ప్రశ్నను కాగితం మీద రాసివ్వండి. మీ ఇంట్లో మా బాబాయిలాంటివారు ఉండి, వారికి తెలుసుకోవాలని ఉంటే, 14416 టెలిమానస్‌కు ఫోను చేసి ఎక్కడికి వెళ్ళాలో అడగండి. దానికంటే ముందు ఈ సెలవుల్లో మీ నాయనమ్మ దగ్గర కూర్చోండి. ఆ మనిషి చిన్నప్పుడెలా ఉండేవాడో అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసుకోండి.