కులం అడగడం కాదు, రక్తం పరీక్షించాలి

ఈ వారం ఒక మిత్రుడు ఫోన్ చేసి మండిపడ్డాడు. వాళ్ల నాన్నగారికి ఆపరేషన్. ముందురోజు మత్తు డాక్టరు వచ్చి "మీరు వైశ్యులా?" అని అడిగాడట. "ఆస్పత్రిలోనూ కులమేనా?" అని అతని బాధ.

ఆ డాక్టరు అడగాల్సిందే అడిగాడు. గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తుంటారు. రక్తంలోని ఒక ఎంజైమ్ కొద్ది నిమిషాల్లోనే దాన్ని నిర్వీర్యం చేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లేనివాళ్లు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటరే దిక్కు. వైశ్యుల్లో ఈ లోపం ఇతరుల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. మత్తు డాక్టర్లకు ఇది ఏనాటి నుంచో తెలుసు.

మరి ఆ ఇళ్లలో ఎందుకు తెలియదు? నా కోపమంతా ఇక్కడే. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించాయి. కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన ముద్ర 81 సమూహాల్లో కనిపించింది. అది ఫిన్లండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో కన్నా బలంగా ఉంది. ఆ యూదులు అమెరికాలో 1971 నుంచే వంశపారంపర్యంగా వచ్చే టే-శాక్స్ జబ్బుకు ముందస్తు రక్తపరీక్షలు మొదలుపెట్టారు. ఆ జబ్బుతో పుట్టే పిల్లలు వాళ్లలో తొంభై శాతానికి పైగా తగ్గిపోయారు.

మనమేమో మేనరికాన్ని తిట్టి చేతులు దులుపుకుంటాం. మేనమామను చేసుకుంటే ముప్పు పెరిగే మాట నిజమే. కానీ ఊరు వేరు, గోత్రం వేరు, ఏ చుట్టరికమూ లేదని నిశ్చింతగా పీటల మీద కూర్చున్న ఇద్దరిలోనూ వంద తరాల కిందటి ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన లోపమున్న జన్యువు ఉండొచ్చు. కులం గడప దాటకపోవడమే అన్నిటికన్నా పెద్ద మేనరికం. ఈ మాట ఏ కులసంఘం వేదిక మీదా నేను వినలేదు. కల్యాణ మండపాలకు విరాళాలిచ్చే పెద్దలు వధూవరుల పరిచయ వేదిక పక్కనే రక్తపరీక్షలు ఎందుకు పెట్టించరు? ఈ ఎంజైమ్ పరీక్ష మనకు కొత్తదీ కాదు. పురుగుమందు తాగిన వాళ్లను తీసుకొస్తే మన ఆస్పత్రుల్లో చేసేది ఇదే. వైశ్యులందరికీ ఈ లోపం ఉండదు, ఇతరులకు ఉండదన్న హామీ లేదు. పరీక్ష చేస్తే కులం అడగాల్సిన పనేముంది?

అయితే పరీక్షకు భయపడేవాళ్లను నేను తప్పుపట్టను. ఆ రిపోర్టు రేపు బీమా కంపెనీ చేతిలో పడితే? జన్యు రుగ్మతలంటూ గంపగుత్తగా క్లెయిములు తోసిపుచ్చడం వివక్షేనని ఢిల్లీ హైకోర్టు 2018లో చెప్పాల్సి వచ్చింది. జన్యు సమాచారం చూపి ఆరోగ్య బీమాలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అమెరికా 2008లోనే చట్టం చేసింది. మనకు అలాంటి ప్రత్యేక చట్టమే లేదు. 2025 జనవరిలో పదివేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని ఘనంగా విడుదల చేసిన ప్రభుత్వం, ఆ రక్తం ఇచ్చిన జనానికి ముందు చట్టం రక్షణ ఇవ్వాలి. జబ్బు వంశంలో ఉందని తెలుసుకున్నందుకు ఏ కుటుంబమూ బీమా పోగొట్టుకోకూడదు.