తొమ్మిదింబావు పేకాట

డే ట్రేడింగులో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని చూస్తే నాకంత భయం వెయ్యదు. మొదటి వారంలోనే పదివేలు సంపాదించినవాళ్ళని చూస్తేనే భయం. పోగొట్టుకున్నవాడు చెంపలేసుకుని యాప్ తీసేస్తాడు. గెలిచినవాడు పర్సనల్ లోన్‌కి అప్లై చేస్తాడు!

మన సాఫ్ట్‌వేర్ జనానికి ఈ జబ్బు తొందరగా అంటుకుంటుంది. ఠంచనుగా జీతం పడుతుంది, టేబుల్ మీద రెండు మానిటర్లుంటాయి, మీటింగులో మ్యూట్ బటనుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, "మనం లాజిక్ తెలిసినవాళ్ళం" అన్న నమ్మకం ఉంటుంది. చార్టు చూడగానే మనకది డీబగ్ చెయ్యాల్సిన లాగ్ ఫైల్‌లా కనిపిస్తుంది. అబ్బే, కాదండీ. లాగ్ ఫైలుకి మీ డబ్బు మీద ఆశ లేదు. ఇక్కడ అవతలివైపు కూర్చున్నవాడికి ఉంది.

ఆ అవతలివాడెవడో సెబీయే లెక్కగట్టి చెప్పింది. 2023-24లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ప్రొప్రైటరీ ట్రేడర్ల గ్రాస్ లాభం 33 వేల కోట్లు, విదేశీ ఫండ్లది 28 వేల కోట్లు. అందులో 95 శాతం పైగా ఆల్గారిథమ్‌లు సంపాదించినదే. అంటే, మనలాంటివాళ్ళు రాసిన ప్రోగ్రాములతో మనం బొటనవేలితో పోటీ పడుతున్నామన్నమాట :)

"నేను ఆప్షన్ల జోలికి పోను, షేర్లలో ఇంట్రాడే మాత్రమే" అంటారు కొందరు. సరే, దాని లెక్కా ఉంది. 2022-23లో ఇంట్రాడే చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురికి నష్టం. 30 ఏళ్ళ లోపు కుర్రాళ్ళలో 76 శాతం మందికి నష్టం. "ప్రాక్టీసు చేస్తే అదే వస్తుంది" అనేవాళ్ళ కోసం ఇంకో సంఖ్య: ఏడాదిలో 500 సార్ల కన్నా ఎక్కువ ట్రేడ్ చేసినవాళ్ళలో 80 శాతం మంది మునిగారు. ఆడేకొద్దీ ఓడేవాళ్ళు పెరిగే ఆటని నైపుణ్యం అంటారా?

ఎందుకలా అంటే, గెలిచినా ఓడినా కట్టాల్సింది ఒకటుంది. లక్ష రూపాయల షేర్లు కొని అదే రోజు అమ్మారనుకోండి. ఆర్డరుకి 20 రూపాయల బ్రోకరేజి, ఎస్‌టీటీ, ఎక్స్ఛేంజి చార్జీలు, జీఎస్టీ, స్టాంప్ డ్యూటీ అన్నీ కలిపి సుమారు 80 రూపాయలు. "అంతేనా!" అనుకోకండి. రోజుకి ఐదు ట్రేడ్లు, ఏడాదికి 240 రోజులు... 96 వేలు. ఐదు రెట్ల లెవరేజి ఇచ్చే బ్రోకరు దగ్గర ఆ లక్షకి మీ చేతి డబ్బు ఇరవై వేలే. ఇరవై వేల పెట్టుబడికి ఏడాదికి 96 వేల ఖర్చు! మన ఊళ్ళో ఏ కిరాణా కొట్టువాడైనా ఇలాంటి వ్యాపారం చేస్తాడా? పైగా ఇంట్రాడే నష్టాన్ని జీతంలోంచి తీసేసి టాక్స్ తగ్గించుకోవడానికీ లేదు.

ఇక గెలుపు చేసే చేటు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 3 శాతం పైగా ఎగిరింది. మర్నాడు ఓట్ల లెక్కింపు. నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. సోమవారం గెలుపు తలకెక్కినవాడు మంగళవారం పొద్దున ఎంత ధైర్యంగా కొనుంటాడో ఊహించుకోండి. ఆ ధైర్యం ఇచ్చింది సోమవారమే. నష్టం పర్సు ఖాళీ చేస్తుంది, లాభం బుద్ధిని ఖాళీ చేస్తుంది.

షేర్లు కొనొద్దని నేననట్లేదు. మంచి కంపెనీలో వాటా కొని పదేళ్ళు మర్చిపోండి, ఎవరొద్దన్నారు? నా గొడవల్లా పేకాటకి ఇంజనీరింగ్ అని పేరు పెట్టుకోవడంతోనే. పదిసార్లు రన్ చేస్తే ఏడుసార్లు క్రాషయ్యే కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టమంటే మేనేజరుతో యుద్ధం చేస్తాం కదా. మరి పిల్లల ఫీజు డబ్బుని మాత్రం అందులో ఎలా పెడతాం?

"నాకు లాభాలే వస్తున్నాయి" అనే మహానుభావులకి ఒక్క మాట. స్క్రీన్‌షాట్లు వద్దు. బ్రోకరు దగ్గర ఏడాది మొత్తం స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చెయ్యండి. చార్జీలన్నీ తీసేసి, మిగిలినదాన్ని మీరు స్క్రీన్ ముందు గడిపిన గంటలతో భాగించండి. వచ్చిన అంకె మీ ఆవిడకో, మీ ఆయనకో చూపించండి. చూపించే ధైర్యం ఉంటే అప్పుడు వాదిద్దాం.