పడవలో ప్రేక్షకుల సీటు ఉండదు

కొత్త ఊళ్ళో కొత్త స్కూల్లో చేరిన మొదటి వారం ఎలా ఉంటుందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. టీచర్ పేరు అడుగుతారు, ఎక్కడి నుంచి వచ్చావంటారు, చివరి బెంచీలో ఖాళీ చూపిస్తారు. ఆటల పీరియడ్‌కి వెళితే కబడ్డీ జట్టు అప్పటికే నిండిపోయి ఉంటుంది. క్రికెట్ అయితే బౌండరీ దగ్గర నిలబడే పని దొరుకుతుంది. "ఇవాళ చూడు, రేపు ఆడుదువుగాని" అంటారు. ఆ రేపు రావడానికి ఒక్కోసారి దసరా సెలవులు కూడా దాటిపోతాయి. తీరా అది వచ్చేసరికి నాన్నకో అమ్మకో మళ్ళీ బదిలీ ఆర్డర్లు వస్తాయి.

మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. ఇప్పటికి నాలుగు ఊళ్ళు, నాలుగు స్కూళ్ళు మారాం. ఇన్ని చోట్లలోనూ మొదటి రోజే మమ్మల్ని "రా, ఎక్కు" అన్న చోటు ఒక్కటే. అది తెరచాప పడవ. అందుకే మా అభిప్రాయం ఇది: దగ్గర్లో పెద్ద చెరువో, జలాశయమో, సముద్రమో ఉన్న ప్రతి స్కూలూ పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పించాలి. అందులోనూ ఇద్దరు కలిసి నడిపే పడవలతో నేర్పించాలి. ఎందుకో చెబుతాం.

సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో హుస్సేన్ సాగర్ మీద మూడు వారాల శిక్షణలో చేరాం. రోజూ ట్యాంక్‌బండ్ మీద బస్సులో పోతూ చూసిన నీళ్ళే. గట్టు మీద నుంచి చూస్తే ఆ చెరువంతటా ఒకటే గాలి వీస్తున్నట్టు ఉంటుంది. నీళ్ళలోకి వెళితేగానీ అసలు సంగతి తెలియలేదు. ఒడ్డునున్న ఎత్తైన భవనాల వెనక గాలి ఆగిపోతుంది. రెండు భవనాల మధ్య సందులోంచి ఒక్కసారిగా తోసుకొస్తుంది. నీటి మీద ముదురు రంగు మరక కదులుతూ వస్తుంటే అదే గాలి వస్తున్న గుర్తు. దాన్ని ముందుగా చూసినవాళ్ళ పడవే ముందుకు పోతుంది.

మాకు ఇచ్చినవి ఎంటర్‌ప్రైజ్ పడవలు. పొడవు 13 అడుగుల పైచిలుకు. నీలం రంగు తెరచాపలు రెండు, ఒకటి పెద్దది, ముందు వైపు ఒకటి చిన్నది. మనుషులూ ఇద్దరే. వెనక కూర్చున్నవాళ్ళు స్కిప్పర్, ముందున్నవాళ్ళు క్రూ. స్కిప్పర్ చేతిలో చుక్కాని కర్ర, పెద్ద తెరచాప తాడు ఉంటాయి. చిన్న తెరచాప తాడు, పడవ అడుగున నీళ్ళలోకి దించే పలక, పడవ ఒరిగినప్పుడు బరువు సర్దడం, చుట్టూ ఎవరు వస్తున్నారో చూసి చెప్పడం, ఇవన్నీ క్రూ పనులు. చూస్తూ కూర్చోవడానికి మూడో సీటు లేదు. ఒకరు పని మానేస్తే మరుక్షణం ఇద్దరూ తడుస్తారు.

తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోలేదు. అందుకని ఏటవాలుగా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మెలికలు తిరుగుతూ పోవాలి. దిశ మార్చే ప్రతిసారీ స్కిప్పర్ "రెడీ అబౌట్" అని అడగాలి. క్రూ "రెడీ" అనేదాకా తిప్పకూడదు. చెప్పకుండా తిప్పితే తెరచాప కింది అడ్డకర్ర తలకు కొట్టుకుంటుంది. మాకు తొలిరోజే కొట్టుకుంది. ఇంట్లో రిమోట్ కోసం పోట్లాడుకునే మేము, ఒకరి మాట కోసం ఇంకొకరు ఆగడం అక్కడే నేర్చుకున్నాం. అప్పటికీ గొడవలు ఆగలేదనుకోండి. కాకపోతే కోపం వచ్చి పక్క గదిలోకి పోవడానికి పడవలో గది లేదు. కోపంగానే తాడు లాగాలి, కోపంగానే "రెడీ" అనాలి. ఒడ్డు చేరేసరికి గొడవ దేనిమీదో గుర్తుండదు.

కోచ్ సార్ రోజూ పొద్దున్నే చీటీలు తీయించేవారు. ఎవరితో ఎవరు పడితే వాళ్ళే ఆ రోజు జంట. ఇవాళ స్కిప్పర్ అయినవాళ్ళు రేపు క్రూ. ఒకరోజు మలయాళం మాట్లాడే అమ్మాయి, ఇంకోరోజు పంజాబీ అబ్బాయి, మరోరోజు పాతబస్తీ నుంచి వచ్చే కుర్రాడు. మూడు వారాలు తిరిగేసరికి శిబిరంలో అందరూ అందరితోనూ పడవ ఎక్కారు. ఎవరికి ఎక్కడ భయమో, ఎవరు పడవ బోల్తా పడితే నవ్వుతారో, ఎవరు ఏడుస్తారో మాకందరికీ తెలుసు. స్కూల్లో మా పేర్లు సరిగ్గా పలకడానికే క్లాసు అంతకన్నా ఎక్కువ కాలం తీసుకుంది. తప్పు క్లాసుది కాదు. నలభై మంది ఉన్నచోట కొత్తవాడు పక్కకు తప్పుకుని నిలబడినా పని ఆగదు. ఇద్దరే ఉన్నచోట ఆగిపోతుంది. మనలాంటి పిల్లలకు చిన్న జట్టు అవసరం అనడానికి మా మొదటి కారణం ఇదే.

రెండో కారణం చివరి ఆదివారం జరిగిన పందెం. చీటీల్లో ఆ రోజు మేమిద్దరమే జంటగా పడ్డాం. ఆరు పడవలు. చెరువులో గాలి నింపిన నారింజ రంగు బుడ్డలు కట్టి ఉంచుతారు, వాటిని మార్క్‌లు అంటారు. వాటిని తాకకుండా చుట్టి రావాలి. మూడో మార్క్ దగ్గర మేము రెండో స్థానంలో ఉన్నాం. తిరిగేటప్పుడు మా అడ్డకర్ర చివర బుడ్డకు రాసుకుంది. శబ్దం కూడా రాలేదు. రక్షణ బోటు దూరంగా ఉంది. వెనక పడవవాళ్ళకు మా తెరచాప అడ్డం.

"అక్కా, తాకింది కదా?"

"తాకింది రా."

మాలో ఒకరికి ముందుకే పోదామనిపించింది. ఎవరికో ఇక్కడ రాయం. కానీ రెండోవాళ్ళు విన్నారు, చూశారు. పందెం నియమం ప్రకారం మార్క్ తాకితే అక్కడే ఒక చుట్టు తిరిగి మళ్ళీ సాగాలి. ఇంకో పడవ దారికి అడ్డుపడితే రెండు చుట్లు. ఎవరూ విజిల్ వేయరు, ఎవరూ కార్డు చూపించరు. చాలా పందేల్లో నీళ్ళ మీద అంపైరే ఉండడు. తప్పు చేసినవాళ్ళే ఒప్పుకుని, వాళ్ళకు వాళ్ళే శిక్ష వేసుకోవాలి. మేము ఆ చుట్టు తిరిగాం. ఆలోపు రెండు పడవలు దాటిపోయాయి. నాలుగో స్థానంలో వచ్చాం. ఎందుకు తిరిగారని సార్ అడిగితే చెప్పాం. ఆయన తల ఊపి పుస్తకంలో నాలుగు అని రాసుకున్నారు, అంతే. మెచ్చుకోలేదు. నియమం పాటించినందుకు మెచ్చుకోలు ఎందుకని ఇప్పుడు మాకూ అనిపిస్తుంది.

పరీక్ష హాల్లో మన మీద ఒక టీచర్ కన్ను ఉంటుంది. టీచర్ బయటికి వెళ్ళిన రెండు నిమిషాల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. చూసేవాళ్ళు లేనప్పుడు ఎలా ఉండాలో నేర్పే పీరియడ్ టైంటేబుల్లో లేదు. ఈ ఆటలో అదే మొదటి పాఠం.

ఇంకో నియమం కూడా మాకు చాలా నచ్చింది. ప్రమాదంలో ఉన్నవాళ్ళకు సాయం చేయడం పోటీదారుల మొదటి బాధ్యత, గెలుపు దాని తర్వాతే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పడవ పందేలు బుసాన్ తీరంలో జరిగాయి. కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ ఒక పందెంలో రెండో స్థానంలో పోతున్నాడు. వేరే పందెంలో ఉన్న సింగపూర్ జంట పడవ బోల్తాపడి, పెద్ద అలల్లో ఇద్దరూ చిక్కుకున్నారు. లెమ్యూ పందెం వదిలి వాళ్ళను కాపాడాడు. పతకం రాలేదు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో అతనికి రెండో స్థానం తిరిగి ఇచ్చారు, ఒలింపిక్ కమిటీ పియరీ డి కూబర్టిన్ పతకంతో గౌరవించింది. ఆ ఏడాది సెయిలింగ్‌లో బంగారు పతకాలు ఎవరికి వచ్చాయో మాకు తెలియదు. లెమ్యూ పేరు మాత్రం మర్చిపోలేం.

ఇక అభ్యంతరాలు. మా ఇంట్లోనే మొదట వచ్చాయి కాబట్టి మాకు బాగా తెలుసు.

"నీళ్ళంటే ప్రమాదం" అంది అమ్మ. నిజమే. అందుకే ముందు ఈత నేర్పాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ పడవ ఎక్కనివ్వకూడదు. రక్షణ బోటు నీళ్ళలో లేకపోతే ఆ రోజు శిక్షణ ఉండకూడదు. మాకు రెండో రోజే కావాలని పడవ బోల్తా కొట్టించి, అడుగు పలక మీద నిలబడి దాన్ని తిరిగి లేపడం నేర్పించారు. నీళ్ళకు దూరంగా పెంచిన పిల్లలే ఒకరోజు స్నేహితులతో చెరువుకు వెళ్ళి, లోతు తెలియక దిగుతారు. నీళ్ళు తెలిసిన పిల్లలకు భయం ఎక్కడ పడాలో తెలుస్తుంది.

"అది డబ్బున్నవాళ్ళ ఆట" అన్నారు నాన్న. కొత్త పడవ ఖరీదే. కానీ ఒక పడవ చాలా ఏళ్ళు, చాలామంది పిల్లలకు పనికొస్తుంది. పెట్రోలు అక్కర్లేదు. ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో క్యాడెట్లకు పడవ నడపడం నేర్పుతూనే ఉన్నారు. సముద్రమే ఉండాలనీ లేదు. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లాలో ఒక రైతు కూతురు నేహా ఠాకూర్. భోపాల్ చెరువు మీద నేర్చుకుని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. సముద్రం లేని రాష్ట్రం నుంచి!

చిన్న జట్టు ఎంత దూరం పోగలదో చూడాలంటే తారిణి ఉంది. 55 అడుగుల ఆ నౌకాదళ పడవలో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి, 2018 మేలో ప్రపంచాన్ని చుట్టి తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్ళు, విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. దారిలో చుక్కాని యంత్రం పాడైతే మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని మళ్ళీ సాగారు. అంత సముద్రంలోనూ పని పంచుకునేది ఆ ఆరుగురే.

కాబట్టి పెద్దలను మేము అడిగేవి నాలుగు. ఒకటి, ఈత అందరికీ నేర్పండి. రెండు, దగ్గర్లోని క్లబ్బుతోనో ఎన్‌సీసీతోనో మాట్లాడి ఆదివారాలు పడవ ఎక్కనివ్వండి. మూడు, జంటలను చీటీలతో వేయండి. స్నేహితులను ఎంచుకోమంటే కొత్తవాళ్ళు మళ్ళీ గట్టు మీదే మిగులుతారు. నాలుగు, బహుమతి ఇచ్చేటప్పుడు ఇద్దరి పేర్లూ చదవండి. మేము చూసిన ఒక సభలో స్కిప్పర్ పేరు మాత్రమే చదివారు. క్రూ చప్పట్లు కొడుతూ కింద కూర్చుంది. అది సరైన పద్ధతి కాదు.

ఈ ఏప్రిల్‌లో మాకు మళ్ళీ బదిలీ. ట్రంకు పెట్టెల మీద పాత అడ్రసు చెరిపి కొత్తది రాయడం మొదలైంది. ఊరి పేరు తెలియగానే మేమిద్దరం మ్యాపు తెరిచి వెతికింది స్కూలు కోసం కాదు, నీళ్ళ కోసం. ఊరి చివర ఒక పెద్ద చెరువు ఉంది. దాని మీద పడవలున్నాయో లేదో వెళ్ళాక చూస్తాం. లేకపోతే ఈ వ్యాసం అక్కడి ప్రిన్సిపాల్ గారికి చూపిస్తాం.