ఉత్తరపు చలిలో ఆమె గుండె లయ

సోవియట్ కాలం నుంచీ రష్యా ఉత్తరాన నోరిల్స్క్ నికెల్ గనులకు, సుర్గుత్ చమురు క్షేత్రాలకు ఎందరో మహిళలు వలస వెళ్లారు. నోరిల్స్క్‌లో ఏటా సుమారు 45 రోజులు సూర్యుడే పొడవడు. అక్కడి ఉద్యోగులకు అదనపు జీతం ఇచ్చారు. నిర్ణీత కాలం పనిచేసిన మహిళలకు 50 ఏళ్లకే పింఛను హక్కు ఉండేది.

ఆరోగ్యవంతమైన గుండె గడియారంలా ఒకే వ్యవధిలో కొట్టుకోదు. రెండు స్పందనల మధ్య విరామం కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. 1960ల్లో రోమన్ బయెవ్‌స్కీ వ్యోమగాముల వైద్యంలో ఈ మార్పులనే చదివారు. వయసు పైబడేకొద్దీ అవి తగ్గుతాయి. వయసులో ఉన్న స్త్రీలలో గుండెను నెమ్మదింపజేసే నాడుల ప్రభావం పురుషుల కన్నా ఎక్కువ. ముట్లుడిగాక ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. చలేమో రక్తనాళాలను బిగిస్తుంది, రక్తపోటును పెంచుతుంది. ముట్లుడగడం, చలి రెండూ ఒకేసారి మీద పడితే గుండెకు వెసులుబాటు ఎక్కడిది?

అలాంటి చోట రష్యా 2018 చట్టం ఈ మహిళల పింఛను వయసును దశలవారీగా 55కు పెంచడం అన్యాయం. కనీసం వైద్య పరీక్షల్లోనైనా ఒక్కో మహిళ ఏ వయసులో ఉత్తరానికి వచ్చింది, ఎన్ని శీతాకాలాలు గడిపింది అన్నవి నమోదు చేయాలి.

కూతురి పురిటికి చలి దేశమైన కెనడా వెళ్లే మన అమ్మలు అక్కడ ఉండేది కొన్ని నెలలే. అయినా రక్తపోటు ఉన్నవారికి టికెట్‌తోపాటు ఈసీజీ కూడా తీయించాలి.