ఉద్యోగి నోరు, కంపెనీ సంచి

9 సెప్టెంబరు 2023 తెల్లవాఱుజామున నంద్యాలలో నారా చంద్రబాబునాయుడుగారిని సి.ఐ.డి. పోలీసులు నిర్బంధించిన సంగతి పాఠకులు మఱచియుండరు. ఆ అభియోగపు మంచిచెడ్డలు న్యాయస్థానములు తేల్చవలసినవి, మేమిచట చర్చింపము. కాని నంద్యాలలో పుట్టిన ఆ వివాదము హైదరాబాదునకు ప్రాకి, అచట వేఱొక ప్రశ్నను లేవనెత్తినది. అది నేటికిని తీఱలేదు. కంపెనీలో కొలువు చేయువానికి రాజకీయ వివాదములందు నోరు విప్పు హక్కు కలదా, లేదా?

ఆ నెలలో గచ్చిబౌలి ప్రాంతమున సాఫ్ట్‌వేరు ఉద్యోగులు వీధికి వచ్చి తమ నిరసనను తెలిపిరి. పోలీసులు అనుమతి నిరాకరించిరి. 24 సెప్టెంబరున కార్లలో రాజమహేంద్రవరమునకు బయలుదేరినవారిని గరికపాడు సరిహద్దున ఆంధ్ర పోలీసులు నిలిపివేసిరి. పొరుగు రాష్ట్రపు తగవును ఆ రాష్ట్రముననే తీర్చుకొనవలెననియు, తెలంగాణ ఉద్యమకాలమున సైతము ఐ.టి. ప్రాంతమున ఇట్టి ఆందోళనలు జరుగలేదనియు నాటి తెలంగాణ మంత్రి కె. తారకరామారావుగారు పలికిరి. ఆంధ్రుడు హైదరాబాదులో ఆంధ్రదేశమునుగూర్చి మాటాడరాదనుట మాకు వింతగా తోచినది. ఆళ్ళగడ్డలో బస్సెక్కి హైదరాబాదు చేరి అచట కుదురుకొన్న మన బిడ్డ, ఉద్యోగముతోపాటు తన ఊరి రాజకీయములను సైతము వదలుకొనవలయునా?

అయినను పోలీసులు అడ్డగించిన అడుగుటకు రాజ్యాంగమున్నది, ఉన్నత న్యాయస్థానమున్నది. ఉద్యోగి నిజముగా భయపడునది లాఠీకి గాదు. మఱునాడు మేనేజరు తన గదికి పిలిచి, నీ ఛాయాచిత్రము పత్రికలో చూచితిమి, కంపెనీ పేరు చెడకుండ చూచుకొనుము అని మృదువుగా పలుకు రెండు మాటలకు. ఆ మాటలపై ఎచట ఫిర్యాదు చేయవలెను?

వాక్స్వాతంత్ర్యమును ప్రసాదించు 19వ అధికరణము పౌరులకే వర్తించును. కంపెనీ పౌరుడా యను ప్రశ్న మన ఆంధ్రదేశమునుండియే సుప్రీంకోర్టునకు పోయినది. విశాఖపట్టణపు వాణిజ్యపు పన్నుల అధికారి అమ్మకపు పన్ను కోరగా స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషను తెచ్చిన వ్యాజ్యెమది. కంపెనీ పౌరుడు కాదని 1963లో న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. పిమ్మట 1972లో బెన్నెట్ కోల్మన్ వ్యాజ్యెమున పత్రికా కంపెనీల విషయమై, వాటాదారులును సంపాదకులును పౌరులే గనుక వారి హక్కు కంపెనీ చాటున నశింపదని చెప్పబడినది. ఆ తీర్పు మా వృత్తికి మేలుచేసినదని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

కాగితముమీద ఉద్యోగి పౌరుడు, కంపెనీ కాదు. వాస్తవమున చూడుడు. పౌరుడు కాని కంపెనీ నోటితో గాక సంచితో మాటాడును. రాజకీయ పక్షములకు కంపెనీలిచ్చు విరాళములు 1969లో నిషేధింపబడి, 1985లో మరల అనుమతింపబడినవి. లాభములలో ఏడున్నర పాళ్ళను మించరాదను హద్దును సైతము 2017లో తుడిచివేసి, ఎన్నికల బాండ్లను తెచ్చిరి. 15 ఫిబ్రవరి 2024న సుప్రీంకోర్టు ఈ రెంటిని కొట్టివేసెను. లెక్కలు బయటపడినప్పుడు, హైదరాబాదు నివాసమైన మేఘా ఇంజనీరింగు కంపెనీ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశమున రెండవ స్థానమున నిలిచినట్లు తేలినది. అవి పోయినది ఒక పక్షమునకు గాదు. పరస్పరము పొసగని పక్షములకు. దీనిని అభిప్రాయమందుమా, భీమా యందుమా? విరాళములను సమర్థించువారు ఇదియు ఒక విధమగు వాక్కే యందురు. 2010లో అమెరికా సుప్రీంకోర్టు అట్లే పలికినది. మన న్యాయస్థానము ఆ త్రోవను పోలేదు. కంపెనీ విరాళము వ్యాపారలావాదేవి యని కుండ బద్దలుకొట్టినట్లు చెప్పినది.

నంద్యాలవారికి ఈ సంగతి మఱియొక రూపమున తెలియును. పైపుల పరిశ్రమాధిపతి ఎస్.పి.వై. రెడ్డిగారు 2004 మొదలుకొని మూడు పర్యాయములు ఇచటినుండి లోక్‌సభకు ఎన్నికైరి. రెండుసార్లు కాంగ్రెసు పక్షమున, 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున గెలిచి, వెంటనే తెలుగుదేశమునకు చేరి, 2019లో జనసేన అభ్యర్థిగా నిలిచి ఆ ఏప్రిలులోనే స్వర్గస్థులైరి. వారు పనివారిని నిర్బంధించిరని మేమనుటలేదు. వారి దానశీలమును ఊరు మఱువలేదు. కాని యజమాని పదునైదేండ్లలో నాలుగు జెండాలు మార్చిన చోట, ఒకే జెండాను నమ్మిన గుమాస్తా ఏమి చేయవలెనను ప్రశ్న ఏ యజమాని విషయమునను అడుగదగినదే. మన పొలములలో జీతగాండ్ర సంగతియు ఇట్టిదే. దొర చెప్పిన గుర్తుకు ఓటువేయు కాలమును చూచినవారు ఈ పత్రిక చదువరులలో లేకపోలేదు.

ప్రభుత్వోద్యోగుల స్థితి ఇందుకు విపరీతముగా నున్నది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి వారిని రాజకీయములనుండి దూరముంచినది. సమ్మె ప్రాథమికహక్కు కాదని 2003లో సుప్రీంకోర్టు చెప్పినది. అయినను 2013 ఆగస్టునుండి అక్టోబరు వఱకు సీమాంధ్ర ఎన్.జి.వో.లు సమైక్యాంధ్రకై పని మానిరి. అది శుద్ధ రాజకీయ వివాదము గదా! నిషేధమున్నచోట నోరు లేచినది. నిషేధము లేనిచోట నోరు మూతపడినది. సంఘబలము కలుగుటయు, లేకపోవుటయు తప్ప దీనికి వేఱు కారణము మాకు కానరాదు.

ప్రైవేటు ఉద్యోగికి శాసనము చేయు సాయమెంత? 21 నవంబరు 2025న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి, కార్మికసంఘమున చేరినందుకు పనివానిని తొలగించుటను అక్రమమనుచున్నది. రాజకీయాభిప్రాయమును పేరెత్తి చెప్పదు. 19వ అధికరణపు హక్కును ప్రభుత్వేతరులపై సైతము కోరవచ్చునని 3 జనవరి 2023న సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు ఒకవైపును, ఒకరు వేఱువైపును తీర్పు చెప్పిరి. దారి తెఱచినదే, కాని కొలువు పోయిన గుమాస్తా ఆ దారిని ఢిల్లీ వఱకు నడువగలడా?

మిల్లు యజమానుల ఆక్షేపణ మాకు తెలియును. నా ఉప్పు తిని నాపైననే ఊరేగింపా యందురు. పనివేళ కంపెనీ పేరు వాడుకొని మాటాడినను, వ్యాపారరహస్యములు బయటపెట్టినను, ఒక మతమునో కులమునో దూషించినను మేము ఉద్యోగి పక్షము వహింపము. పని ముగించుకొని, తన చొక్కా తాను తొడుగుకొని, తన వీధిలో నిలిచి మాటాడువానిసంగతియే మేమడుగునది. కాలిఫోర్నియా కార్మికస్మృతి 1101, 1102 ప్రకరణములు ఉద్యోగుల రాజకీయ కార్యములపై యజమాని ఒత్తిడిని నిషేధించినవి. ఆ రాష్ట్రమున సాఫ్ట్‌వేరు కంపెనీలు మూతపడలేదు. మన దేశమునందే ప్రజాప్రాతినిధ్య శాసనపు 135-బి ప్రకరణము పోలింగునాడు వేతనముతో సెలవు ఇమ్మని యజమానిని శాసించుచున్నది. ఓటుకు రక్షణ కల్పించినవారు ఓటునకు ముందుండు మాటను విడిచిపెట్టిరి.

ఇందులకు ఢిల్లీ వఱకు పోనక్కఱలేదు. ఆంధ్రప్రదేశ్ దుకాణములు, సంస్థల శాసనము 1988 నాటిది. సహేతుక కారణము లేక ఉద్యోగిని తొలగింపరాదని 47వ ప్రకరణము చెప్పుచున్నది. పనివేళలకు వెలుపల శాంతియుతముగా తెలిపిన రాజకీయాభిప్రాయము సహేతుక కారణము కాజాలదని దానికి ఒక వాక్యము చేర్చిన చాలును. 2023లో ఉద్యోగులు ఎవరి పక్షమున వీధికెక్కిరో ఆ నాయకుడే 2024 జూనులో ముఖ్యమంత్రియయ్యెను. ఆ నవంబరులోనే సోషల్ మీడియా వ్రాతలపై రాష్ట్రమున పెక్కు కేసులు పెట్టబడినవి. ఈసారి ఇబ్బందిపడినవారు ఎదుటి పక్షమువారు. నంద్యాల, ఆళ్ళగడ్డ స్థానములను 2024లో గెలిచినవారిరువురును ఆ ముఖ్యమంత్రి పక్షమువారే. ఈ వాక్యమును సభలో ప్రతిపాదింపుడని మేము మొదట కోరునది వారినే.